గోదావరి అవతలి చుట్టాలు



ఏడు తరాల క్రితం మీ ఇంటి పెద్దలెవరు, ఏ వూరి నుంచి వచ్చారు అని ఎవరైనా అడిగితే మనలో ఎంతమంది చెప్పగలం? తాత పేరు అందరికీ తెలుసు. ముత్తాత పేరు కొందరికి తెలుసు. ఆ పైన అడిగితే నీళ్ళు నములుతాం. మనకు చదువులున్నాయి, బీరువాలో దస్తావేజులున్నాయి, గోడల నిండా ఫోటోలున్నాయి. అయినా మన జ్ఞాపకం మూడు తరాలు దాటదు. కాని గోదావరి దాటి ఉట్నూరు, జైనూరు, కెరమెరి కొండల్లోకి వెళ్ళి ఒక గోండు పెద్దను అడిగి చూడండి. తన వంశం ఎందరు దేవుళ్ళ సంతతో, ఆ వంశానికి ఎవరితో వియ్యం కుదురుతుందో, ఎవరితో కుదరదో, తమ దేవుడు ఏ దారిన నడిచి వచ్చాడో తడుముకోకుండా చెబుతాడు. ఆయన బడి మొహం చూడకపోయి వుండవచ్చు. అలాంటి వారిని మనం పట్నంలో కూర్చుని "అడవి మనుషులు, వాళ్ళకేం చరిత్ర వుంటుంది" అంటాం. ఇవాళ ఆ చరిత్ర గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

మన కరీంనగరానికీ, ఆదిలాబాదుకూ మధ్య గోదావరే హద్దు. 2016 అక్టోబరులో ఈ రెండు పాత జిల్లాలనూ చెరి నాలుగు ముక్కలుగా విడదీశారు కాని, మన మాటల్లో ఇంకా ఇవతల కరీంనగరమే, అవతల ఆదిలాబాదే. ధర్మపురిలో స్నానం చేసి ఆవలి గట్టుకేసి చూస్తే దూరాన కనిపించే ఆ అడవి వెనకాలంతా గోండుల సీమ. వారిని గోండులని పిలిచేది పైవాళ్ళు. వాళ్ళు తమను తాము "కోయితూర్" అని చెప్పుకుంటారు. మన వైపు మహదేవపూర్ అడవుల కోయలు తమను చెప్పుకునే మాట కూడా దాదాపు ఇదే. జగిత్యాల దగ్గరి పొలవాసను ఏలిన మేడరాజు పెంచుకున్న బిడ్డే సమ్మక్క అని కదా మనం కథ చెప్పుకుంటాం. మేడారం పోయి బెల్లం ఎత్తిచ్చే మనకు కోయితూర్లు పరాయివాళ్ళు ఎలా అవుతారు?

చుట్టరికం ఇంకా దగ్గరిది వుంది, అది మాటల చుట్టరికం. గోండి భాషలో పాలను "పాల్" అంటారు. కన్ను "కన్". చెయ్యి "కయ్". చెట్టు "మరా", అది మన మానే. నీళ్ళను "ఏర్" అంటారు, మనం ఏరు అంటే పారే నీళ్ళన్నట్టు. వూరు "నార్", మన నాడు అన్న మాటకు తోబుట్టువు. రెండు, మూడు, నాలుగు అనడానికి వాళ్ళు రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. భద్రిరాజు కృష్ణమూర్తిగారి వంటి భాషాశాస్త్రవేత్తలు ద్రావిడ భాషలను కొమ్మలుగా విడదీసినప్పుడు తెలుగునూ గోండినీ ఒకే కొమ్మ మీద కూర్చోబెట్టారు. అంటే తమిళం, కన్నడం కంటే గోండి మనకు దగ్గరి చుట్టం. అక్క ఇంటికి రాకపోకలు మానేసిన చెల్లెలిలా మనమే ఆ చుట్టరికం మరచిపోయాం.

పోనీ, వాళ్ళు ఎప్పుడూ ఇలా కొండకోనల్లోనే వున్నారా అంటే, లేరు. వాళ్ళు రాజ్యాలేలినవాళ్ళు. నర్మద నుంచి గోదావరి దాకా పరచుకున్న సీమకు గోండ్వానా అని పేరు. భూమి మీది దక్షిణ ఖండాలన్నీ కోట్ల ఏళ్ళ క్రితం ఒకటిగా వుండేవని కనిపెట్టిన శాస్త్రజ్ఞులు ఆ మహాఖండానికి గోండ్వానా అన్న పేరే పెట్టారు. ప్రపంచంలో ఎక్కడ భూగోళ పాఠం చెప్పినా ఈ జాతి పేరు పలకక తప్పదన్నమాట.

ఆ సీమలో గఢా మండ్లా, దేవగఢ్, ఖేర్లా, చాందా అని నాలుగు గోండు రాజ్యాలు వెలిశాయి. గఢా మండ్లా రాణి దుర్గావతి చందేలుల ఆడపడుచు, గోండు రాజు దలపత్ షా ఇల్లాలు. భర్త పోయాక పసివాడైన కొడుకు పేరున రాజ్యం నడిపింది. 1564లో అక్బరు సేనాని ఆసఫ్ ఖాన్ దండెత్తి వస్తే ఏనుగెక్కి యుద్ధం చేసి, బాణాలు తగిలినా పట్టుబడడం ఇష్టం లేక తన కత్తితో తానే ప్రాణం తీసుకుంది. ఆమె పేరు మీకు తెలిసే వుంటుంది. మనకు మరింత దగ్గరి రాజ్యం చాందా, ఇప్పటి చంద్రపూర్. కాగజ్‌నగర్ దాటి రైలెక్కిపోతే వచ్చే బల్లార్షా ఆ రాజుల పాత రాజధానే. అంతకు ముందు మన సిర్పూరే ఆ వంశానికి తొలి రాజధాని అని వారి పెద్దలు చెబుతారు. ఆ వంశంలో రాణి హిరాయి అని ఒకామె వుండేది. భర్త బీర్ షా చనిపోయాక, దత్తత తెచ్చుకున్న పిల్లవాడు పెద్దవాడయ్యేదాకా పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో రాజ్యభారం మోసింది. భర్త జ్ఞాపకంగా చంద్రపూర్‌లో ఆమె కట్టించిన సమాధి ఇప్పటికీ నిలిచి వుంది. భార్య కోసం భర్త కట్టించిన తాజమహలును లోకమంతా చూసి వస్తుంది. భర్త కోసం భార్య కట్టించిన దీన్ని చూడాలంటే మనకు నిండా ఒక్క పూట రైలు ప్రయాణం కూడా అక్కరలేదు.

1751లో నాగపూర్ మరాఠా రాజు రఘోజీ భోంస్లే చాందాను కలుపుకున్నాడు. గోండు రాజుల ఏలుబడి అక్కడితో ముగిసింది. తర్వాత ఈ దక్షిణపు భాగం నిజాం కిందికి వచ్చింది. ఉట్నూరు కోట వంటివి శిథిలాలై ఆ కాలానికి గుర్తులుగా మిగిలాయి.

మరి రాజ్యం పోయినా, రాసిన పుస్తకాలు చేతిలో లేకపోయినా, ఈ సంగతులు వాళ్ళకెలా గుర్తున్నాయి? ఇక్కడే ప్రధానులను గురించి చెప్పుకోవాలి. ప్రధానులంటే గోండు వంశాలకు కథలు చెప్పే కులం. ఒక్కో గోండు ఇంటికి తరతరాలుగా ఒక ప్రధాన్ ఇల్లు ముడిపడి వుంటుంది. వారి చేతిలో కిక్రీ అనే మూడు తీగల వాద్యం వుంటుంది, కమానుతో వాయిస్తారు. వంశ దేవుడైన పెర్సాపేన్ పండుగకూ, చావు కర్మలకూ ప్రధాన్ వచ్చి కిక్రీ మీద కథ చెబితేనే ఆ కార్యం జరిగినట్టు. తోటీలు కూడా ఇలా కథలు చెప్పేవారే. మన వైపు ఒగ్గు కథ చెప్పే వారు, కులపురాణం చెప్పే పటం కథల వారు వున్నారు కదా, ఆ పద్ధతే అనుకోండి. తేడా ఏమిటంటే, మనకు అది వినోదంగా మిగిలింది. గోండులకు అదే చట్టం, అదే చరిత్ర, అదే వంశవృక్షం.

వారి మూలకథ ఇలా నడుస్తుంది. గోండు దేవుళ్ళు పసిబిడ్డలుగా దిక్కులేక వుంటే జంగుబాయి తల్లిలా సాకింది. వారి అల్లరికి విసిగిన శ్రీ శంభు వారందరినీ ఒక గుహలో పెట్టి బండ అడ్డం వేశాడు. పహండి కుపార్ లింగాల్ అనే మహాపురుషుడు ఎన్నో కష్టాలు పడి ఆ బండ తొలగించి వారిని బయటికి తెచ్చాడు. అలా వెలుపలికి వచ్చిన వారిని నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ళ వారుగా గుంపులు చేశాడు. ఈ గుంపునే "సగ" అంటారు. ఒకే సగవారు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వారిలో వారికి పెళ్ళి కుదరదు. మన గోత్రాల లెక్క వంటిదే. ఇప్పటికీ ఇద్దరు కొత్త గోండులు కలుసుకుంటే ముందు అడిగేది సగ ఏమిటనే. అది తెలియగానే ఒకరినొకరు అన్నా అనాలో, బావా అనాలో తేలిపోతుంది. జంగుబాయి గుహ కెరమెరి దగ్గర, మహారాష్ట్ర సరిహద్దు కొండల్లో వుంది. పుష్య మాసంలో రెండు రాష్ట్రాల గోండులూ ఆ తల్లి దగ్గరికి వస్తారు. రాష్ట్రాల సరిహద్దులు మనం గీసుకున్నవి, ఆ తల్లికి అవి పట్టవు.

పాటలో చరిత్రను దాచుకున్న జాతి ఇదొక్కటే కాదు. హిమాలయాలకు ఆవల, ఇప్పుడు చైనాలో షిన్‌జియాంగ్ అనే పేరున్న సీమలో, తక్లమకాన్ ఎడారి చుట్టూ పాత పట్టుదారి వూళ్ళలో ఉయ్గూర్లు అనే జనం వున్నారు. వారికి వెయ్యేళ్ళకు పైబడ్డ సాహిత్యం వుంది. అయినా ఒక్క ఇరవయ్యో శతాబ్దంలోనే వారి లిపిని పైవాళ్ళు మార్చారు, మళ్ళీ మార్చారు. అరబ్బీ అక్షరాలతో చదువుకున్న తాత రాసింది, లాటిన్ అక్షరాలు నేర్చిన మనుమడు చదవలేని రోజులు వచ్చాయి. 1980ల్లో తిరిగి అరబ్బీ అక్షరాలే వచ్చాయి. ఇన్ని మార్పుల మధ్య చెక్కు చెదరకుండా నిలిచింది "పన్నెండు ముఖాములు" అనే పాటల సంపుటి. పదహారో శతాబ్దంలో యార్కంద్ రాణి అమన్నిసా ఖాన్ వాటిని కూర్చిందని వారి నమ్మకం. 1950ల్లో తుర్దీ ఆఖున్ అనే ముసలి విద్వాంసుడి దగ్గర కూర్చుని ఆ పాటలను రికార్డు చేసుకున్నారు కనుక అవి దక్కాయి. ఈమధ్య కాలంలో అక్కడి నిర్బంధాల గురించి 2022లో ఐక్యరాజ్యసమితి మానవహక్కుల కార్యాలయం తీవ్రమైన నివేదిక ఇచ్చింది, చైనా ప్రభుత్వం అదంతా కాదంటోంది. ఆ రాజకీయం ఎలా వున్నా, ఒక్క సంగతి మాత్రం గ్రహించవచ్చు. ఒక జాతి తన భాషలో తన కథ తాను చెప్పుకోగలిగినంత కాలం బతికి వుంటుంది. ఎడారిలో ముఖాము చేసే పనే మన అడవిలో కిక్రీ చేస్తోంది.

కథ చెప్పేది మగవారే అయినా, దాన్ని ఆచారంగా నిలబెట్టేది ఆడవారు. కేస్లాపూర్ నాగోబా జాతర చూస్తే ఇది తెలుస్తుంది. ఇంద్రవెల్లి మండలంలోని కేస్లాపూర్‌లో పుష్య అమావాస్య రాత్రి మెస్రం వంశంవారు నాగదేవతకు మహాపూజ చేస్తారు. దానికి కావలసిన నీళ్ళు ఎక్కడివనుకుంటున్నారు? మన గోదావరివే. జన్నారం దగ్గర హస్తినమడుగు దాకా నడిచి వెళ్ళి, కలశంలో నీళ్ళు ముంచుకుని, చెప్పులు లేకుండా అడవి దారిన మళ్ళీ నడిచే వెళతారు. దారి ఏటేటా అదే, మజిలీలు అవే. పూజకు కావలసిన కుండలు సిరికొండలో కుమ్మరి ఇంట తయారవుతాయి. ఆ కుండలతో కొత్త కోడళ్ళు నీళ్ళు తెస్తే, ఆ నీళ్ళతో మట్టి కలిపి ఆడపడుచులు, అల్లుళ్ళు పుట్టలు కడతారు.

మహాపూజ అయ్యాక నడిరాత్రి "భేటింగ్" జరుగుతుంది. ఆ ఏడాది మెస్రం ఇళ్ళకు వచ్చిన కొత్త కోడళ్ళు తెల్లచీర కట్టుకుని, ముసుగు వేసుకుని, పెద్దల వెంట దేవుడి ముందుకు వస్తారు. ఒక్కొక్కరినీ పేరు పేరునా నాగోబాకు పరిచయం చేస్తారు. అప్పటి నుంచే ఆమె ఆ వంశపు మనిషి. పెళ్ళయి ఎన్ని నెలలైనా ఆ పరిచయం జరిగేదాకా ఆమెకు ఆ దేవుడి దర్శనం లేదు. ఆచారం సంగతి ఎలా వున్నా, ఇంటికొచ్చిన కోడలిని వంశం మొత్తం ముందు నిలబెట్టి, "ఈమె మనది" అని దేవుడికే చెప్పడంలో వున్న మర్యాద గమనించండి. మెస్రం వంశంలో ఇరవై రెండు శాఖలు. జాతరకు వచ్చిన వందలాది ఇళ్ళవారూ ఆ లెక్క ప్రకారం ఇరవై రెండు పొయ్యిల మీదనే వంతులవారీగా వండుకుంటారు. ఎవరు ఏ పొయ్యి దగ్గరికి వెళ్ళాలో ఎవరూ చెప్పనక్కరలేదు. మన ఇళ్ళలో నలుగురు తోడికోడళ్ళు ఒక పొయ్యి దగ్గర సర్దుకోవడమే గగనమైపోయిన రోజులివి!

ఇంత పదిలంగా జ్ఞాపకాలు దాచుకున్న జాతి తన భూమిని ఎందుకు దాచుకోలేకపోయింది? ఇదే ఈ కథలో బాధాకరమైన భాగం.

గోండులకు భూమి వంశానిది, దేవుడిది. తేలిక నేలలను నాలుగేళ్ళు దున్ని, సారం తగ్గగానే బీడు వదిలి, పక్క నేలకు వెళ్ళేవారు. కొన్నేళ్ళకు మళ్ళీ పాత చోటికి వచ్చేవారు. నేలకు విశ్రాంతి ఇచ్చే పద్ధతి అది. నిజాం ప్రభుత్వం ఇరవయ్యో శతాబ్దం మొదటి భాగంలో రిజర్వు అడవుల హద్దులు గీసినప్పుడు, బీడు వదిలిన ఈ నేలల మీద అప్పటికి చెట్లు మొలిచి వున్నాయి. చెట్లున్నాయి కనుక అడవి అన్నారు, అడవి కనుక సర్కారుది అన్నారు. దున్నుతున్న నేలకైనా పట్టా వుందా అంటే, పట్టా అనేది ఒకటుంటుందనే వారికి తెలియదు. తాతలనాటి నుంచి దున్నుతున్నామని ప్రధాన్ కిక్రీ మీద పాడి చెప్పగలడు కాని, పట్వారీకి పాట అక్కరలేదు, కాగితం కావాలి. 1920ల చివరికి కాజీపేట నుంచి బల్లార్షాకు రైలు దారి పూర్తయ్యాక బయటి రైతులు, షావుకార్లు, కలప కాంట్రాక్టర్లు మరింతమంది వచ్చారు. కాగితం సంగతి తెలిసినవాళ్ళు వాళ్ళు. నల్లరేగడి నేలలు వారి పేర పట్టాలయ్యాయి. ఉప్పుకూ, బట్టకూ చేసిన అప్పు వడ్డీతో పెరిగి మిగిలిన చెలకను మింగింది. నిన్నటిదాకా పటేలుగా వున్న గోండు తన చేలోనే పాలేరుగా మారాడు.

ఆ కడుపుమంటలోంచి వచ్చినవాడే కొమురం భీమ్. ఆసిఫాబాద్ ప్రాంతపు సంకేపల్లిలో పుట్టాడు. ఇంటివారు సాగు చేసిన పొలం దగ్గర తగాదా వచ్చి వూరు విడిచి వెళ్ళి, అస్సాం తేయాకు తోటల్లో పని చేశాడనీ, అక్కడే చదవడం రాయడం నేర్చుకున్నాడనీ చెబుతారు. తిరిగి వచ్చి బాబేఝరి, జోడేఘాట్ ప్రాంతంలో గోండులను, కోలాములను కూడగట్టి అడవి కొట్టి సేద్యం చేయించాడు. ముందు అర్జీలు పెట్టాడు, సర్కారు దగ్గర మొర పెట్టుకున్నాడు. అవేవీ పనిచేయనప్పుడే తిరగబడ్డాడు. 1940లో జోడేఘాట్ కొండ మీద పోలీసు కాల్పుల్లో అనుచరులతో పాటు ప్రాణాలు విడిచాడు. ఆయన వర్ధంతిని గోండులు ఇంగ్లీషు తేదీతో జరపరు, ఆశ్వయుజ పౌర్ణమి నాడు జరుపుతారు. కాగితం మీది తేదీ కంటే ఆకాశంలోని చంద్రుడే వారికి నమ్మకమైన సాక్షి.

భీమ్ పోయాక నిజాం సర్కారుకు ఈ జనం ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలన్న ఆలోచన వచ్చింది. ఆ పనికి దొరికిన మనిషి క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ అనే ఆస్ట్రియా దేశపు పండితుడు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చేసరికి ఆయన చేతిలో జర్మను పాస్‌పోర్టు వుండడం వల్ల ఆంగ్లేయులు హైదరాబాదు సంస్థానం దాటి వెళ్ళవద్దన్నారు. భార్య బెట్టీతో కలిసి ఆయన జైనూరు దగ్గరి మార్లవాయిలో గుడిసె వేసుకుని, గోండి నేర్చుకుని, వారిలో ఒకడై బతికాడు. గోండుల భూమి ఎలా పోయిందో సర్కారుకు విడమరిచి రాశాడు. ఆయన మాట మీద 1943లో మార్లవాయిలో గోండు టీచర్లకు శిక్షణ కేంద్రం మొదలైంది. పిల్లల కోసం గోండి భాషలోనే వాచకాలు తయారయ్యాయి. ఎన్నో కుటుంబాలకు పట్టాలు వచ్చాయి. కేస్లాపూర్ జాతరలో అధికారులే జనం దగ్గరికి వెళ్ళి ఫిర్యాదులు వినే దర్బారు కూడా ఆ రోజుల్లో మొదలైనదే.

బెట్టీగారి గురించి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పుస్తకాల మీద భర్త పేరే పెద్దగా వుంటుంది కాని, ఆ అడవి బతుకులో సగం ఆమెది. 1987లో హైదరాబాదులో కన్నుమూస్తే మార్లవాయిలోనే సమాధి చేశారు. ఆయన 1995లో లండన్‌లో పోయాడు. తర్వాత ఆయన చితాభస్మాన్ని కూడా తెచ్చి ఆమె పక్కనే వుంచారు. ఎక్కడి వియన్నా, ఎక్కడి మార్లవాయి! ప్రేమగా వచ్చిన పరాయివాళ్ళను గోండులు తమవాళ్ళను చేసుకున్నారు.

స్వతంత్రం వచ్చాక చట్టాలు వచ్చాయి. గిరిజన ప్రాంతాల్లో భూమి చేతులు మారకుండా 1959లో ఒక నిబంధన చేసి, 1963లో తెలంగాణకు వర్తింపజేశారు. 1970లో దాన్ని మరింత గట్టి చేశారు, దాన్నే అందరూ "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు. ఏజెన్సీలో భూమిని గిరిజనేతరులు కొనడానికి లేదన్నది దాని సారాంశం. చట్టం మంచిదే. కాని చట్టం కూడా కాగితమే కదా. అది అమలు కాక, పోయిన భూములు తిరిగి రాక, మళ్ళీ కడుపులు మండాయి. 1981 ఏప్రిల్ 20, సోమవారం, ఇంద్రవెల్లి అంగడి రోజు. గిరిజన రైతుకూలీ సంఘం భూమి సమస్యల మీద సభ పెడితే, ఆ సభకు అనుమతి లేదన్నారు. ఆ సంగతి తెలియని జనం కొండల మీది నుంచి దిగి వస్తూనే వున్నారు. కాల్పులు జరిగాయి. పదమూడు మంది పోయారన్నది సర్కారు లెక్క, అంతకు ఎన్నో రెట్లు అన్నది జనం లెక్క. ఉప్పూ పప్పూ తెచ్చుకుందామని అంగడికి పోయిన ఇంటి మనిషి తిరిగి రాకపోతే ఆ ఇల్లాలి పరిస్థితి ఏమిటో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఇంద్రవెల్లిలో కట్టిన అమరుల స్తూపాన్ని 1986లో పేల్చివేశారు. మళ్ళీ కట్టారు, అది ఇప్పటికీ నిలబడి వుంది.

ఇవాళ్టి సంగతికి వద్దాం. గోండికి లిపి లేదనే చాలాకాలం అనుకున్నాం. నార్నూర్ మండలం గుంజాల గ్రామంలో ప్రధానుల ఇళ్ళలో పాత రాతప్రతులు బయటపడ్డాక, జయధీర్ తిరుమలరావుగారి వంటి పండితులు వాటిని పరిశీలించి అది గోండికే చెందిన సొంత లిపి అని లోకానికి చూపించారు. 2018లో గుంజాల గోండి లిపికి కంప్యూటర్ల యూనికోడ్‌లో చోటు దొరికింది. కాగితం లేదన్న కారణంతో భూమి పోగొట్టుకున్న జాతికి అటక మీద సొంత అక్షరాలున్నాయన్నమాట! ఆలస్యంగానైనా ఆ మాట తేలింది.

దీపావళి రోజుల్లో నెమలి ఈకల కిరీటంతో ఆడే గుస్సాడీని మీరు బొమ్మల్లో చూసే వుంటారు. ఆ ఆటను ఢిల్లీ గణతంత్ర వేడుకల దాకా తీసుకుపోయిన మార్లవాయి కనకరాజుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. 2024 అక్టోబరులో, మళ్ళీ దండారీ రోజులు వచ్చే వేళకే, ఆయన కన్నుమూశారు. జైనూరు మండలం ఉషేగాం ఓజుల ఇళ్ళలో మైనంతో అచ్చు చేసి, మట్టి పూసి, కరిగిన ఇత్తడి పోసి చేసే దోక్రా బొమ్మలకు 2018లో భౌగోళిక గుర్తింపు దొరికింది. ఉట్నూరులో గోండు మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. ఇప్పపువ్వు అనగానే సారాయి గుర్తొస్తుంది మనకు. నిజానికి ఎండబెట్టి వేయించి, బెల్లం, నువ్వులు, పల్లీలు కలిపి దంచితే పిల్లలకూ, బాలింతలకూ బలమిచ్చే తిండి అది. మన నువ్వుల ముద్ద తిన్న నోటికి కొత్తగా వుండదు.

ఇవన్నీ సంతోషించదగ్గవే. కాని భాష సంగతి అంత సంతోషంగా లేదు. 2011 జనాభా లెక్కల్లో దేశం మొత్తం మీద గోండి మాట్లాడేవారు దాదాపు ముప్పై లక్షలు. అంతమంది మాట్లాడుతున్నా రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులో దానికి చోటు లేదు. తెలంగాణలో పిల్ల బడికి వస్తే తెలుగు, ఇంగ్లీషు. సరిహద్దు అవతల మరాఠీ. ఇంటి మాట బడిలో పలికితే తోటి పిల్లలు నవ్వుతారు. అలా రెండు తరాలు నవ్వితే చాలు, రాజ్యం పోయినా బతికిన భాష సిగ్గుతో పోతుంది. భాష పోతే ప్రధాన్ కథ ఎవరికి అర్థమవుతుంది? కథ అర్థం కాకపోతే సగ, జాతర, గోదావరి నీళ్ళ దారి, అన్నీ అర్థం లేని తంతులైపోతాయి. భూమి పోతే చట్టంతో తిరిగి రావచ్చు. మాట పోతే ఏ చట్టమూ తీసుకురాలేదు.

పట్నంలో వున్న మనం దీనికేం చేస్తాం అంటారేమో. చట్టాలు మన చేతిలో లేవు కాని, మన ఇంటి మాటలు మన చేతిలో వున్నాయి. పిల్లలు అల్లరి చేస్తే "అడవి మనుషుల్లా ఏమిటా గోల" అనడం మానవచ్చు. కాకతీయుల గురించి చెప్పినట్టే సిర్పూర్ గోండు రాజుల గురించీ, రుద్రమదేవి గురించి చెప్పినట్టే రాణి హిరాయి గురించీ వారికి చెప్పవచ్చు. ఇంట్లో బల్ల మీద దోక్రా బొమ్మ పెట్టుకున్నప్పుడు అది చేసిన వూరి పేరు తెలిసి పెట్టుకోవచ్చు. బేరం ఆడేముందు ఆ ఇత్తడి కరగడానికి ఎన్ని గంటలు పొయ్యి ముందు కూర్చోవాలో ఆలోచించవచ్చు, పొయ్యి ముందు కూర్చోవడం అంటే ఏమిటో మనకన్నా ఎవరికి తెలుసు? మన పిల్లల తరగతిలో ఒక గోండు పిల్ల వుంటే, పాలను మీ ఇంట్లో ఏమంటారమ్మా అని అడిగి చూడమనండి. "పాల్" అంటుంది. ఆ ఒక్క మాటతో ఇద్దరు పిల్లలకూ చుట్టరికం కలుస్తుంది.

ఏటా పుష్య మాసంలో ఆ అవతలి చుట్టాలు మన గోదావరి నీళ్ళు మోసుకుపోయి తమ దేవుడికి అభిషేకం చేస్తున్నారు. రాకపోకలు వాళ్ళ వైపు నుంచి ఏనాడూ ఆగలేదు. ఇక మన వైపు నుంచి మొదలుకావాలి.

ఉంటాను, సెలవు.